ఇంప్లాంట్‌ని గీరకండి, పాచిని వదలకండి

రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన నా దగ్గరికి వచ్చారు. కింది దవడలో కుడిపక్క ఇంప్లాంట్, అంటే ఊడిన పంటి బదులు ఎముకలో బిగించే కృత్రిమ పన్ను, పెట్టించుకుని ఆరేళ్లయింది. "రోజూ గీరి గీరి శుభ్రం చేసుకుంటున్నానమ్మా. అయినా బ్రష్ చేసినప్పుడల్లా రక్తం పడుతోంది" అన్నారు. దేంతో గీరుతున్నారండీ అని అడిగితే జేబులోంచి పిన్నీసు తీసి చూపించారు. నోట్లో అద్దం పెట్టి చూశాను. చిగురు కొంచెం జారిపోయి, క్యాప్ అంచు కింద ఇంప్లాంట్ మెడ ఒక మిల్లీమీటరు బయటపడి ఉంది. లైటు పడగానే ఆ లోహం మీద సన్నటి గీతలు మెరిశాయి. గీతల్లో పాచి పట్టి ఉంది. దాన్ని ఆనుకున్న చిగురు ఉబ్బి ముదురు ఎరుపులో ఉంది.

ఆయన నిర్లక్ష్యం చేసిన మనిషి కాదు. ఆరేళ్లుగా ఒక్కరోజు కూడా మానకుండా శ్రద్ధగా చేశారు. పంటిని చూసుకునే పద్ధతి వేరు, ఇంప్లాంట్‌ని చూసుకునే పద్ధతి వేరు అని ఎవరూ ఆయనకి చెప్పలేదు. ఇలాంటివాళ్లు నాకు తరచూ కనిపిస్తారు. అందుకే ఇది రాస్తున్నాను.

నేను చిగుళ్ల డాక్టర్ని. పీజీ అయ్యాక రెండేళ్లు ల్యాబ్‌లో పనిచేశాను. టైటానియం రేణువులు, నోటి బ్యాక్టీరియా కలిసినప్పుడు మన రోగనిరోధక కణాలు ఏం చేస్తాయన్నదే అక్కడ నా పని. ఇంప్లాంట్ ఉన్నవాళ్లకి నేను చెప్పే ప్రతి జాగ్రత్తా ఆ రెండేళ్లలో కళ్లతో చూసినదాని నుంచే వచ్చింది. అందుకని ముందు లోపల జరిగేది చెప్పి, తర్వాత చేతులతో చేసేది చెబుతాను. కారణం తెలిస్తే పద్ధతి గుర్తుండిపోతుంది.

లోపల ఏం జరుగుతుంది

ఇంప్లాంట్ అంటే దవడ ఎముకలోకి బిగించే టైటానియం మర. దాని మీద అబట్‌మెంట్ అనే చిన్న స్తంభం, ఆ పైన క్యాప్ ఉంటాయి. టైటానియాన్ని ఎముక తనలో కలుపుకుంటుందన్న సంగతి స్వీడన్‌కి చెందిన వైద్య పరిశోధకుడు పర్-ఇంగ్వార్ బ్రోనెమార్క్‌కి 1952లో కుందేళ్ల మీద చేసిన పరిశోధనలో బయటపడింది. రక్తప్రవాహం గమనించడానికి ఎముకలో పెట్టిన టైటానియం పరికరాన్ని తర్వాత తీయబోతే ఊడిరాలేదు. 1965లో మొదటిసారి ఒక మనిషి దవడలో ఇంప్లాంట్లు పెట్టారు. టైటానియానికి ఇంత మంచి గుణం ఉండటానికి ఒక కారణం దాని మీద ఉండే ఆక్సైడ్ పొర. గాలి తగలగానే ఏర్పడిపోతుంది. మందం కొన్ని నానోమీటర్లే అయినా లోహాన్ని తుప్పు నుంచి కాపాడేది అదే. గీరితే ఆ పొర చెదిరి, మళ్లీ వెంటనే ఏర్పడుతుంది. కానీ గీరినప్పుడు రాలిన పొడి ఎక్కడికీ పోదు, చిగురులో ఉండిపోతుంది.

గీరడం ఒక్కటే కాదు, పొడి రాలడానికి ఇంకా దారులున్నాయి. ఎముకలోకి మర బిగించేటప్పుడే రాపిడికి కొంత రాలుతుంది. అబట్‌మెంట్ వదులైతే నమిలిన ప్రతిసారీ రెండు లోహాలూ ఒకదాన్నొకటి రాసుకుంటాయి. ఇనుప పరికరంతో క్లీనింగ్ చేసినా రాలుతుంది. పాచిలోని బ్యాక్టీరియా వదిలే ఆమ్లం కూడా మెల్లమెల్లగా ఆక్సైడ్ పొరని బలహీనం చేస్తుంది.

ఇక్కడ సహజమైన పంటికీ ఇంప్లాంట్‌కీ ఉన్న తేడా ఒకటి తెలియాలి. పంటి చుట్టూ చిగురులోని పీచులు వేరులోకి అడ్డంగా దిగి గట్టిగా పాతుకుని ఉంటాయి. గుడారాన్ని మేకులకి తాళ్లతో కట్టినట్టు. ఇంప్లాంట్ చుట్టూ పీచులు లోహంలోకి దిగవు. చొక్కా కాలర్ మెడని చుట్టుకున్నట్టు చుట్టూ ఉంటాయంతే. పంటికి, ఎముకకి మధ్య ఉండే మెత్తటి లిగమెంట్ కూడా ఇంప్లాంట్‌కి ఉండదు. అందుకే ఇక్కడ మొదలైన వాపు ఎముక దాకా త్వరగా దిగుతుంది.

ఇప్పుడు కణాల సంగతి. 1882లో ఇల్యా మెచ్నికోవ్ అనే జీవశాస్త్రవేత్త పారదర్శకంగా ఉండే నక్షత్రచేప పిల్లల్లోకి గులాబీ ముళ్లు గుచ్చి, మర్నాడు మైక్రోస్కోప్‌లో చూశాడు. ముల్లు చుట్టూ కదిలే కణాలు మూగి ఉన్నాయి. పరాయి వస్తువుని మింగే కణాల గురించి మనకి తెలిసినదంతా అక్కడే మొదలైంది. 1908లో ఆయనకి నోబెల్ వచ్చింది. మన చిగుళ్లలో ఆ పని చేసేవాటిలో ముఖ్యమైనది మాక్రోఫేజ్. బ్యాక్టీరియా కనిపించినా, చచ్చిన కణం కనిపించినా, లోహపు రేణువు కనిపించినా మింగేస్తుంది.

నా ల్యాబ్ రోజుల్లో గాజు పళ్లెంలో పెంచిన మాక్రోఫేజ్‌ల మీద టైటానియం పొడి వేసి రాత్రంతా వదిలేసేదాన్ని. వేసినప్పుడు రేణువులు నల్ల ఇసుకలా ఇక్కడొకటి అక్కడొకటి పడి ఉండేవి. పొద్దున చూస్తే కణాల మధ్య ఖాళీ శుభ్రంగా ఉండేది. రేణువులన్నీ కణాల లోపలికి చేరిపోయేవి. కేంద్రకం ఉన్నచోటు మాత్రం తేటగా, దాని చుట్టూ నల్లటి చుక్కల గుంపు. మాక్రోఫేజ్ మింగినదాన్ని లైసోజోమ్ అనే సంచిలో వేసుకుని అరిగిస్తుంది. బ్యాక్టీరియా అయితే అరిగిపోతుంది. టైటానియం అరగదు. ఆ కణం చచ్చిపోతే రేణువు మళ్లీ బయటపడుతుంది, ఇంకో కణం వచ్చి దాన్నే మింగుతుంది.

ఇక్కడ నేను చేసిన పొరపాటు ఒకటి చెప్పాలి, ఎందుకంటే అసలు విషయం నాకు తెలిసింది దానివల్లే. మొదటి నెలల్లో ఒట్టి టైటానియం పొడికే కణాలు విపరీతంగా రెచ్చిపోయాయి. వాపుకి కారణమయ్యే ఐఎల్-1 బీటా, టీఎన్‌ఎఫ్ ఆల్ఫా అనే సంకేత ప్రోటీన్లు పళ్లెంలో బాగా పెరిగాయి. పొడే దోషి అని సంబరంగా రాసుకున్నాను. తర్వాత మా గైడ్ "పొడి మీద ఎండోటాక్సిన్ ఉందేమో చూశావా?" అని అడిగారు. ఎండోటాక్సిన్ అంటే ఒక రకం బ్యాక్టీరియాల గోడలోని పదార్థం. బ్యాక్టీరియా చచ్చినా అది మిగులుతుంది, మామూలుగా స్టెరిలైజ్ చేసినా పోదు. పరీక్షిస్తే నిండా ఉంది. పొడిని ఆమ్లంతో, క్షారంతో మార్చి మార్చి కడిగి మళ్లీ వేశాను. కణాలు అంతకుముందులాగే మింగాయి, అంతే నల్లబడ్డాయి. కానీ రెచ్చిపోవడం బాగా తగ్గిపోయింది. అదే శుభ్రమైన పొడికి బ్యాక్టీరియా గోడ పదార్థాన్ని నేనే కొలిచి కలిపితే మళ్లీ పెరిగింది. ఆ పదార్థం ఒక్కటే వేసినప్పటికన్నా రెండూ కలిపినప్పుడు ఐఎల్-1 బీటా చాలా ఎక్కువ.

దీనికి కారణం ఉంది. ఐఎల్-1 బీటా బయటికి రావాలంటే రెండు సంకేతాలు కావాలి. మొదటిది బ్యాక్టీరియా నుంచి వస్తుంది. కణం దాన్ని తన మీదుండే టీఎల్‌ఆర్4 లాంటి గ్రాహకాలతో పసిగట్టి, ఐఎల్-1 బీటా ముడిరూపాన్ని తయారు చేసుకుని లోపల నిల్వ పెట్టుకుంటుంది. రెండోది రేణువు నుంచి వస్తుంది. అరగని రేణువు లైసోజోమ్ సంచిని చింపుతుంది, అందులోని ఎంజైములు కారతాయి, ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 అనే అలారం మోగుతుంది, నిల్వ ఉన్నదంతా పదునెక్కి బయటికి వస్తుంది. ఎండుగడ్డి వాముగా పోగేసేది బ్యాక్టీరియా, దాని మీద నిప్పురవ్వ వేసేది రేణువు. ఆ తర్వాత వాపు సంకేతాలు ఎముకని కరిగించే కణాల్ని, అంటే ఆస్టియోక్లాస్ట్‌లని పిలుస్తాయి. ఎక్స్‌రేలో ఇంప్లాంట్ చుట్టూ గిన్నె ఆకారంలో నల్లటి ఖాళీ కనిపించేది వాటి పని వల్లే.

రేణువులే రోగానికి మూలమా, రోగం వల్ల రేణువులు రాలుతున్నాయా అన్నది ఇంకా తేలని చర్చ. ఆరోగ్యంగా ఉన్న ఇంప్లాంట్ల చుట్టూ కూడా అవి దొరికాయి. 2017లో అమెరికా, యూరప్ చిగుళ్ల వైద్యుల సంఘాలు కలిసి జరిపిన ప్రపంచ సదస్సు కూడా ప్రధాన దోషిగా పాచినే తేల్చింది, రేణువుల్ని విడిగా నిందించడానికి ఆధారాలు చాలవంది. నా ఆచరణ మాత్రం స్పష్టం. చిగురులోకి చేరిన రేణువుని ఇంట్లో కూర్చుని తీయలేం. ఎండుగడ్డిని మాత్రం రోజూ ఊడ్చేయగలం. కొత్త నిప్పురవ్వలు పడకుండా చూసుకోగలం.

రోజూ రాత్రి చేయాల్సింది

కావాల్సినవి నాలుగు. మెత్తటి కుచ్చున్న చిన్న తల బ్రష్, ఇంటర్‌డెంటల్ బ్రష్, ఒకే కుచ్చు ఉండే సింగిల్ టఫ్ట్ బ్రష్, మంచి వెలుతురున్న అద్దం. పేస్టు మామూలు ఫ్లోరైడ్ పేస్టు చాలు. తెల్లబరుస్తామనే గరుకు పేస్టులు, బొగ్గు పొడులు ఇంప్లాంట్ దగ్గర వద్దు.

వీటిలో ప్రాణం ఇంటర్‌డెంటల్ బ్రష్. సీసాలు కడిగే బ్రష్‌ని సూదంత సన్నగా చేస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. కొనేటప్పుడు ఒకటే చూడండి: మధ్యలో ఉన్న తీగ మీద ప్లాస్టిక్ పూత ఉండాలి. పూత లేని తీగ ఇంప్లాంట్ మెడని గీరుతుంది, మాస్టారి పిన్నీసు లాగే. సైజు మీ డాక్టర్ దగ్గరే నోట్లో పెట్టించి చూసుకోవాలి. సందులోకి వెళ్లేటప్పుడు కుచ్చు రెండు పక్కలా తగులుతూ కొంచెం బిగువుగా ఉండాలి, తీగ మాత్రం ఎక్కడా రాసుకోకూడదు. ఒకే ఇంప్లాంట్‌కి ముందు పక్క ఒక సైజు, వెనక పక్క ఇంకో సైజు పట్టడం మామూలే. ఆ రెండూ రాసి పెట్టుకోండి.

వాడే పద్ధతి ఇది. బ్రష్‌ని తడిపి, పేస్టు లేకుండా, క్యాప్‌కీ పక్క పంటికీ మధ్య చిగురుని ఆనుకుని పెట్టండి. పొడవకండి. కొంచెం తిప్పుతూ తోస్తే దారి అదే దొరుకుతుంది. లోపలికీ బయటికీ నాలుగైదు సార్లు నెమ్మదిగా జరిపి, ఇంప్లాంట్ వైపుకి కొంచెం ఆనించి ఇంకో రెండుసార్లు జరపండి. బయటికి తీసి లైటు కింద చూడండి. తెల్లగా జిగురుగా కనిపించేది పాచి. గులాబీ రంగు కనిపిస్తే రక్తం. కడిగి, అదే సందులోకి నాలుక వైపు నుంచి కూడా పెట్టండి. దాన్నే చాలామంది వదిలేస్తారు, నేను చూసిన వాపుల్లో ఎక్కువ భాగం ఆ నాలుక పక్కనే. ఆఖర్న వాసన చూడండి. చెడు వాసన వస్తే ఆ సందు ఇంకా శుభ్రం కాలేదన్నమాట.

కుచ్చు చెదిరినా, తీగ వంగినా బ్రష్ మార్చేయాలి. పూత ఊడి తీగ బయటపడితే ఆ క్షణమే పారేయాలి, ఇంకొక్క రోజని వాడకూడదు.

తర్వాత సింగిల్ టఫ్ట్ బ్రష్‌తో క్యాప్ చిగురులోకి దిగే అంచు వెంట చుట్టూ ఒక రౌండు తిప్పాలి. పెన్సిల్ పట్టుకున్నట్టు పట్టుకుంటే ఒత్తిడి అదుపులో ఉంటుంది. ఎలక్ట్రిక్ బ్రష్ వాడేవాళ్లు నిక్షేపంగా వాడుకోవచ్చు. నీళ్లు చిమ్మే వాటర్ ఫ్లాసర్ కూడా మంచిదే, ముఖ్యంగా వేళ్లు వణికేవాళ్లకి, బ్రిడ్జి (కలిపి కట్టిన పళ్ల వరస) కింద శుభ్రం చేసుకోవాల్సినవాళ్లకి. అయితే అది బ్రష్‌కి తోడే, బ్రష్ బదులు కాదు. అతుక్కున్న పాచి రాపిడికే పూర్తిగా వదులుతుంది.

దారం విషయంలో జాగ్రత్త. ఇంప్లాంట్ మర భాగం బయటపడి ఉన్నవాళ్లు మామూలు ఫ్లాస్ వాడితే, గరుకు లోహం మీద దారం చిరిగి పోగులు లోపల చిక్కుకుపోతాయి. అలా పోగులు మిగిలి ఇంప్లాంట్ చుట్టూ వాపు వచ్చిన 10 కేసుల్ని 2016లో ఒక వైద్య బృందం ప్రచురించింది. పోగులు తీసేశాక వాటిలో ఎక్కువ భాగం మెరుగుపడ్డాయి. మాక్రోఫేజ్‌కి అదీ పరాయి వస్తువే.

ఒక్కరోజు మానితే ఏమవుతుందని అడుగుతారు. ఒక్కరోజుకి ఏమీ కాదు. కానీ ఆరోగ్యవంతుల చేత కావాలనే మూడు వారాలు బ్రషింగ్ మాన్పించి చేసిన పరిశోధనలున్నాయి. ఆ మూడు వారాలకే ఇంప్లాంట్ల చుట్టూ చిగురు వాచింది. మళ్లీ బ్రషింగ్ మొదలుపెట్టించాక మూడు వారాలు గడిచినా పంటి చుట్టూ ఉన్నంత బాగా తగ్గలేదు, ఇంకా సమయం పట్టింది. జ్వరమో ప్రయాణమో వచ్చి వరసగా వారాల తరబడి మానేస్తే నాకు టెన్షన్ అందుకే.

గీరేవి, కరిగించేవి దూరం పెట్టండి

పిన్నీసు, గుండుసూది, లోహపు పుల్లలు, బ్లేడు మొన ఇంప్లాంట్ దగ్గరికి రానివ్వకండి. గార కట్టి గట్టిపడితే అది ఇంట్లో తీసేది కాదు. క్లినిక్‌లో పంటికి పూసే ఫ్లోరైడ్ జెల్‌లలో కొన్ని బాగా ఆమ్లంగా ఉంటాయి. ఆమ్లం, ఫ్లోరైడ్ కలిస్తే టైటానియం ఆక్సైడ్ పొర దెబ్బతింటుంది. పక్క పళ్లకి జెల్ పెడుతుంటే నాకు ఇంప్లాంట్ ఉంది, ఆమ్లం లేని రకం వాడండి అని చెప్పండి. రోజూ వాడే పేస్టుతో ఆ భయం లేదు.

క్యాప్ కదిలితే ఆ వారంలోనే వెళ్లండి. ఇంప్లాంట్ పాడైపోయిందని కంగారు పడక్కర్లేదు, చాలాసార్లు లోపలి చిన్న స్క్రూ వదులై ఉంటుంది, బిగిస్తే సరిపోతుంది. నొప్పి లేదు కదా అని నెలల తరబడి వదిలేస్తే మాత్రం ఆ కదలికకి లోహం అరిగి పొడి రాలుతూనే ఉంటుంది, ఏర్పడిన సందులో బ్యాక్టీరియా కాపురం పెడుతుంది. గడ్డీ నిప్పూ ఒకేచోట చేరినట్టే. గుర్తుపట్టడం తేలిక. నమిలేటప్పుడు టిక్ మనడం, ఇదివరకు ఇరుక్కోని చోట కొత్తగా తిన్నది ఇరుక్కోవడం, వేలితో నొక్కితే అంచులోంచి తడి ఊరడం. ఏ జిగురూ పెట్టి మీరే అంటించుకోవద్దు.

క్లినిక్‌లో అడగాల్సినవి

ఇక్కడ మొహమాటం పనికిరాదు. అడిగితే డాక్టర్ ఏమనుకుంటారో అని ఊరుకునేవాళ్లని చూస్తే నాకు బాధగా ఉంటుంది.

మొదట, క్యాప్ పెట్టిన రోజు తీసిన ఎక్స్‌రే, అప్పటి చిగురు లోతు (చిగురుకీ ఇంప్లాంట్‌కీ మధ్య సందు ఎంత లోతుందన్నది) కొలతలు అడిగి తీసుకుని దాచుకోండి. మొదటి ఏడాదిలో ఎముక కొద్దిగా సర్దుకోవడం సహజం. ఆ తర్వాత తగ్గుతోందా లేదా తెలియాలంటే పోల్చడానికి పాతది ఉండాలి. పాతది లేకపోతే డాక్టర్ 2017 సదస్సు ఇచ్చిన కొలతల మీద ఆధారపడాలి: రక్తంగానీ చీముగానీ, 6 మిల్లీమీటర్లు లేదా అంతకన్నా లోతు, 3 మిల్లీమీటర్లు లేదా అంతకన్నా కిందికి జారిన ఎముక. అప్పటికి చాలా నష్టం జరిగిపోయి ఉంటుంది. ఇంప్లాంట్ కంపెనీ, సైజు రాసిన కార్డు కూడా తీసుకోండి. పదేళ్ల తర్వాత స్క్రూ బిగించాల్సి వస్తే ఆ కార్డే దిక్కు.

రెండోది, చెకప్‌కి వెళ్లిన ప్రతిసారీ ఇంప్లాంట్ చుట్టూ లోతు కొలిచారా అని అడగండి. ఇంప్లాంట్‌ని కొలవకూడదన్న పాత భయం ఇంకా కొందరిలో ఉంది. తేలిగ్గా, సుమారు పావు న్యూటన్ (దాదాపు 25 గ్రాముల బరువంత) ఒత్తిడితో కొలిస్తే ఏ హానీ లేదు.

మూడోది, దేంతో క్లీన్ చేస్తున్నారు అన్నది. పీజీ మొదటి ఏడాదిలో నేను ఒకామెకి ఇంప్లాంట్ చుట్టూ గార తీస్తూ, పళ్లకి వాడే స్టీల్ స్కేలర్‌నే (గార గీకే పరికరాన్నే) పెట్టాను. చర్రుమని చప్పుడొచ్చింది. పంటి మీద వచ్చే చప్పుడు కాదది. గాజుగుడ్డతో తుడిస్తే బూడిద రంగు మరక అంటింది. అది గార కాదు, టైటానియం. ఆమెకి ఏ నొప్పీ తెలియలేదు, నాకు థాంక్స్ చెప్పి వెళ్లింది. ఆ మరక నేను మర్చిపోలేదు. ఇంప్లాంట్‌కి ప్లాస్టిక్ లేదా పీక్ (ఒక రకం గట్టి ప్లాస్టిక్) కొనలున్న అల్ట్రాసోనిక్ పరికరం, టైటానియం క్యూరెట్లు (చేత్తో గార తీసే పరికరాలు), గ్లైసిన్ లేదా ఎరిత్రిటాల్ పొడి చిమ్మే ఎయిర్ పాలిషింగ్ వాడతారు. "ఇంప్లాంట్‌కి వేరే టిప్ ఉందా అండీ?" అని అడిగితే చాలు. శ్రద్ధ ఉన్న డాక్టర్ ఆ ప్రశ్నకి సంతోషిస్తారు.

నాలుగోది, క్యాప్‌ని సిమెంటుతో అంటించారా, స్క్రూతో బిగించారా. సిమెంటు అయితే అంచు కిందికి కారిన ముక్క మిగిలిపోయిందేమో ఎక్స్‌రేలో, ప్రోబ్‌తో (చిగురు లోతు కొలిచే సన్నటి పుల్లతో) చూడమనండి. 2009లో వచ్చిన ఒక పరిశోధనలో వాపున్న ఇంప్లాంట్లని చిన్న ఎండోస్కోప్‌తో చూస్తే 81 శాతం వాటిలో మిగిలిన సిమెంటు కనిపించింది. దాన్ని తీసేశాక చాలా వాటికి వాపు తగ్గింది. సిమెంటు పాచికి మంచి ఆసరా, మాక్రోఫేజ్‌కి మరో అరగని రేణువు.

చెకప్ ఎన్నాళ్లకి అన్నది మనిషిని బట్టి ఉంటుంది. ఇదివరకు చిగుళ్ల జబ్బు వచ్చినవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు, పొగ తాగేవాళ్లు మూడు నాలుగు నెలలకోసారి రావాలి, మిగతావాళ్లకి ఆరు నెలలు. పొగ మానడం, షుగర్ అదుపులో పెట్టుకోవడం కూడా ఈ వైద్యంలో భాగమే.

రక్తం కనిపిస్తే

ఇంప్లాంట్ చుట్టూ వాపుకి సాధారణంగా నొప్పి ఉండదు. అందుకే నొప్పి కోసం ఎదురు చూడకండి. బ్రష్ మీద గులాబీ రంగు, చిగురు నున్నగా మెరుస్తూ ఉబ్బడం, నొక్కితే చీము, పొద్దున్నే లోహపు రుచి లేదా చెడు రుచి, వీటిలో ఏది కనిపించినా ఇంటర్‌డెంటల్ బ్రష్ మానకండి. రక్తం వస్తోందని మానేస్తే పాచి పెరుగుతుంది, వాపు ఇంకా పెరుగుతుంది. ఒక వారం శ్రద్ధగా చేసినా రక్తం ఆగకపోతే చూపించుకోవాలి. చీము కనిపిస్తే వారం కూడా ఆగకండి. ఇంప్లాంట్ ఊగడం చివరి దశ, అక్కడిదాకా రానివ్వకూడదు.

వాపు చిగురు వరకే ఉంటే దాన్ని మ్యూకోసైటిస్ అంటాం. పూర్తిగా తగ్గించవచ్చు. క్లినిక్‌లో శుభ్రం చేయించుకుని, ఇంట్లో పద్ధతి మార్చుకుని, రెండు మూడు నెలల్లో మళ్లీ కొలిపించుకోవాలి. ఎముక కూడా కరుగుతుంటే అది పెరి-ఇంప్లాంటైటిస్. ముందు కోత లేకుండా శుభ్రం చేస్తారు. యూరోపియన్ చిగుళ్ల వైద్యుల సమాఖ్య 2023లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 6 నుంచి 12 వారాల్లో మళ్లీ చూసి, తగ్గకపోతే ఆపరేషన్. కొన్నిసార్లు బయటపడ్డ మరల్ని అరగదీసి నునుపు చేస్తారు. అలా చేయబోతుంటే, రాలే పొడిని ఎలా కడిగి పీల్చేస్తారని ముందే అడగండి. ఆ పొడి ఎక్కడికి పోతుందో ఇప్పుడు మీకు తెలుసు.

యాంటీబయాటిక్ మాత్రలు సొంతంగా కొనుక్కుని వేసుకోవద్దు. పాచి పొరలా అతుక్కున్న బ్యాక్టీరియాని మాత్రలు సరిగా చేరవు. ఆ మార్గదర్శకాలు కూడా కోత లేని చికిత్సలో మాత్రల్ని మామూలుగా వాడొద్దనే అంటాయి. క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమినాశక మందు పుక్కిలింత డాక్టర్ చెప్పిన కొద్దిరోజులకే పరిమితం.

"నాకు టైటానియం పడదేమో, తీయించేసి జిర్కోనియా పెట్టించుకోనా?" అని అడిగేవాళ్లు పెరిగారు. జిర్కోనియా అంటే తెల్లటి పింగాణీ లాంటి పదార్థం. టైటానియం అలర్జీ చాలా అరుదు. జిర్కోనియా మీదా పాచి పడుతుంది, జిర్కోనియా రేణువులకి కూడా మాక్రోఫేజ్‌లు స్పందిస్తాయి. ఎముకలో గట్టిగా ఉన్న ఇంప్లాంట్‌ని ఆ భయంతో తీయించుకోకండి. ముందు బ్రష్ పద్ధతి, క్యాప్ అంచు, సిమెంటు, స్క్రూ చూపించుకోండి.

మాస్టారికి ఆరోజు ఎక్స్‌రే తీస్తే రెండు మిల్లీమీటర్ల ఎముక పోయి ఉంది. పళ్లకి వేరు, ఇంప్లాంట్‌కి వేరు టిప్‌లతో శుభ్రం చేసి, ఆయన చేతికి అద్దం ఇచ్చి, నాలుక పక్కన బ్రష్ పెట్టడం నాలుగుసార్లు చేయించాను. నాలుగోసారికి దారి దొరికింది. పిన్నీసు నా ట్రేలో పెట్టి వెళ్లారు. మూడో నెలలో వచ్చినప్పుడు చిన్న డైరీ తెచ్చారు. తేదీ, పక్కన ముందు సందుకి ఒకటి, వెనక సందుకి ఒకటి టిక్ గుర్తులు. గులాబీ రంగు కనిపించిన రోజుల కింద ఎర్ర గీత. మొదటి రెండు వారాలు దాదాపు రోజూ ఎర్ర గీతే, ఆఖరి నెలలో రెండే. నేను కొలిస్తే మూడుచోట్ల మామూలు లోతు, నాలుక పక్కన మాత్రం ఇంకా 5 మిల్లీమీటర్లు ఉంది. అక్కడికి ఒక సైజు పెద్ద బ్రష్ ఇచ్చి, మళ్లీ మూడు నెలలకి రమ్మన్నాను.